బర్మానుండి నడచివచ్చిన మామ్మలు

రాజుల వంశావళులు, యుద్ధముల తిథులు మాత్రమే చరిత్రమని తలంచుట మనకు చిరకాలముగా నలవాటైనది. కాని శ్రీకాకుళము, విశాఖపట్టణము, గోదావరి మండలములలోని యనేక గృహములందు ఏ గ్రంథమునకును ఎక్కని చరిత్ర యొకటి కలదు. అది బర్మానుండి నడచివచ్చిన మామ్మల చరిత్ర. దానిని విని వ్రాసికొనుటకు మిగిలిన కాలము మిక్కిలి స్వల్పమగుటచేత మేమీ వ్యాసమునకు పూనుకొంటిమి.

తెలుగువారికి బర్మాతోడి సంబంధము క్రొత్తది కాదు. గోదావరీ ముఖమునందలి కోరంగి రేవు పేరనే అచ్చట తెలుగువారిని ‘కొరంగీ’లని పిలిచెడివారు. పందొమ్మిదవ శతాబ్దాంతమునుండి కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము రేవులలో పొగయోడలెక్కి వేలకొలది కూలీలు రంగూనునకు పోవుచుండిరి. మేస్త్రీ ముందుగా నిచ్చిన సొమ్ము వారి మెడకు ఉచ్చుగా నుండెడిది. రేవులో మూటలు మోయుటయు, బియ్యపు మిల్లులలో పనియు వారి జీవనాధారము. 1931 జనాభా లెక్కలలో రంగూను జనసంఖ్య సుమారు 4 లక్షలు. అందు సగమునకు మించినవారు భారతీయులే. అంతకు ముందటి సంవత్సరమే, 1930 మే నెలలో, రేవుకూలి తగవు ముదిరి బర్మావారికిని తెలుగు కూలీలకును ఘోరమైన కొట్లాట జరిగెను. కూటికై పరదేశము పోయినవాని బ్రతుకు గాలిలో దీపమని ఆనాడే తేటపడినది.

ఇట్లు పోయినవారిలో పురుషులే మెండు. కాపురముతో పోయిన స్త్రీలు కొలదిమంది యగుటచేత ఈ వలసకథ మగవాని కథగానే వ్రాయబడినది.

1941 డిసెంబరు 23వ తేదీన జపాను విమానములు రంగూనుపై బాంబులు కురిపించెను. 1942 మార్చి 8వ తేదీన నగరము వారి వశమయ్యెను. ఓడలలో చోటు దొరకినవారు కొందరే. తక్కినవారికి కాలినడకయే శరణ్యమైనది. ప్రోము మీదుగా టౌంగుపు చేరి, అరకాను తీరముగుండ చిట్టగాంగునకు కొందరు. మాండలే దాటి కలేవా, టము మీదుగా ఇంఫాలునకు మరికొందరు. దారులన్నియు మూసికొనిపోయిన పిమ్మట హుకాంగు లోయలోని యడవులబడి లీడోకు ఇంకకొందరు నడచిరి. మే నెలలో వర్షములు ఆరంభమైన పిదప త్రోవలు బురదలయ్యెను, ఏరులు పొంగెను, కలరాయు, మలేరియాయు, ఆకలియు వెంటాడెను. తెల్లవారికొక త్రోవ, భారతీయులకొక త్రోవ యేర్పరచిరను నాక్షేపణ ఆనాడే దేశమంతట చెలరేగెను.

ఈ త్రోవలో నడచిన పదేండ్ల బాలిక నొకతెను ఊహింతము. తల్లి చంకలో పసిబిడ్డ. తండ్రి నెత్తిపై బియ్యపు మూట. ఆ మూట తరుగుకొలది దినములు లెక్కకు వచ్చెడివి. దారిప్రక్క కూలబడినవారిని దాటి పోవలసివచ్చినపుడు ఆ పిల్ల వెనుకకు తిరిగి చూచినదో, తల్లి చూడనిచ్చినదో, ఆమెయే చెప్పవలెను.

నడచి వచ్చినవారు నాలుగైదు లక్షలుందురని చరిత్రకారుల యంచనా. త్రోవలో మరణించినవారు పదివేలని కొందరు, ఏబదివేలని కొందరు చెప్పుదురు. ఈ రెండంకెల నడుమనున్న నలువదివేల భేదమును పాఠకులు గమనింపవలెను. పొగయోడ యెక్కునపుడు టిక్కెట్టు లెక్కకు వచ్చిన మనిషి, అడవిలో పడిపోయినపుడు లెక్కకు రాలేదు. పుస్తకములలో ఆ మనిషి లేడు. ఉన్నచో, కూడ నడచిన యొక యాడుదాని జ్ఞాపకమునందే యుండును.

ఆ బాలిక కథ అంతటితో ముగియలేదు. 1945లో యుద్ధము నిలిచిన పిదప కొందరు మరల రంగూను చేరి కాపురములు నిలుపుకొనిరి. 1962లో సైనిక ప్రభుత్వము వచ్చెను. 1964లో అంగళ్లు జాతీయము చేయబడెను, పెద్దనోట్లు రద్దయ్యెను. ఆ పదేండ్ల పిల్ల ముప్పది రెండేండ్ల తల్లియై, బిడ్డలతో రెండవమారు ఇల్లు విడిచి మన రేవులకు వచ్చి దిగెను. విశాఖపట్టణమున ‘బర్మా క్యాంపు’ అను పేర నేటికిని నిలిచియున్న పేట అట్టివారిదే. బర్మాలో ఆమె పరదేశి; ఇచ్చట ఇరుగుపొరుగులకు ఆమె ‘బర్మావారి యావిడ’. ఇరుదేశములందును ఆమెకు పూర్తిగా తనదన్న ఊరు దక్కలేదు. అయినను పిల్లలను పెంచినది, పెండ్లిండ్లు చేసినది, మనుమలను ఎత్తినది.

ఆమె తన కథను ఏల వ్రాయలేదని యడుగువారుందురు. ఆడుపిల్లకు అక్షరము దండుగయని నమ్మిన సంఘములో ఆమె పుట్టినది. చదువు నిరాకరించిన సంఘమే నేడు సాక్ష్యమేదని యడుగుట న్యాయము కాదు. పలక చేతికందని మామ్మకు, కళాశాల చూచిన మనుమరాలు లేఖకురాలు కావలెను. అది ఉపకారము కాదు, ఋణము.

1942 నాటి పదేండ్ల పిల్లకు నేడు తొంబది దాటినవి. ఏ రేవున ఓడ యెక్కిరి, ఏ త్రోవను నడచిరి, ఎవరిని ఎచ్చట విడిచి వచ్చిరి, వారి పేరేమి — ఈ నాలుగు ప్రశ్నలు చాలును. ఆమె చెప్ప నిష్టపడనిచో బలవంతము వలదు. మౌనమునకును హక్కు కలదు. చెప్పినచో, ఆమె మాటలలోనే తేదీ వేసి వ్రాసియుంచుడు. ఆ కాగితముపై ఒక్క పేరు నిలిచినను, నలువదివేలలో ఒక్కరు లెక్కకు వచ్చినట్లే.