అబ్‌స్కాండ్

అబ్‌స్కాండ్ ఒక ఇంగ్లీషు క్రియ. అరెస్టునో అప్పునో విచారణనో తప్పించుకోవడానికి గుట్టుచప్పుడు కాకుండా వెళ్లి దాక్కోవడం అని అర్థం. తెలుగు పత్రికలు ‘పరారీలో ఉన్నాడు’ అని రాసేది ఈ స్థితినే.

ఈ మాట 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. లాటిన్‌లో దీని మూలం ‘అబ్‌స్కొండెరె’. ‘అబ్స్’ అంటే దూరంగా. ‘కొండెరె’ అంటే చేర్చి పెట్టడం, భద్రపరచడం, దాచడం. అందులోని ‘పెట్టు’ అనే అర్థమున్న ధాతువూ, సంస్కృతంలోని ‘ధా’ ధాతువూ ఒకే ఇండో-యూరోపియన్ మూలానివి. మనం వాడే నిధి, అంతర్ధానం ఆ ‘ధా’ నుంచి పుట్టాయి. అంటే అంతర్ధానం ఈ ఇంగ్లీషు క్రియకు దూరపు చుట్టమే. ఒకప్పుడు ఇంగ్లీషులో దేన్నైనా దాచిపెట్టడాన్ని కూడా అబ్‌స్కాండ్ అనేవారు. ఆ వాడుక నశించింది. గోడకు బిగించే దీపపు స్టాండుకు ఉన్న ‘స్కాన్స్’ అనే పేరు కూడా ఇదే లాటిన్ క్రియ నుంచి, పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది. లాటిన్ బైబిలులో యెషయా గ్రంథం 45వ అధ్యాయం దేవుణ్ణి మరుగైనవాడు అన్నదీ ఈ క్రియారూపంతోనే.

మూలార్థంలో పరుగు లేదు, దాగడమే ఉంది. న్యాయస్థానాలు దీన్ని పట్టించుకున్నాయి. ఊరు దాటకపోయినా, వారంటుకు చిక్కకుండా సొంత ఇంట్లోనే దాక్కున్నా అది అబ్‌స్కాండ్ కావడమేనని మన దేశపు కోర్టులు చెప్పాయి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 84వ సెక్షన్ ప్రకారం, అలాంటి వ్యక్తి హాజరు కావాలని కోర్టు రాతపూర్వక ప్రకటన జారీ చేయవచ్చు. గడువు 30 రోజులకు తగ్గకూడదు. ప్రకటనను అతని ఊళ్లో బహిరంగంగా చదివి, ఇంటికి అంటిస్తారు. తర్వాతి సెక్షన్ కింద ఆస్తి జప్తు చేయవచ్చు. అయితే పరారీ ఒక్కటే నేరానికి రుజువు కాదు. భయపడి నిర్దోషీ పారిపోవచ్చని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. వార్తలు రాసేవారు దీన్ని మరవకూడదు.

భారతీయ కార్యాలయాల్లో, హైదరాబాద్ ఐటీ సంస్థలు సహా, రాజీనామా ఇవ్వకుండా రావడం మానేసిన ఉద్యోగికీ ఈ మాటే అంటగడతారు. నేరస్థుల కోసం వాడే మాటను జబ్బుపడ్డవారికీ, విసిగిపోయినవారికీ తగిలించడం అన్యాయం.

తేనెటీగల పెంపకంలో ఇదే మాటకు నింద లేని అర్థముంది. మేత కరువైనా చీమలు, మైనపు పురుగులు వేధించినా ఈగల గుంపు మొత్తం పెట్టె వదిలి ఎగిరిపోవడమే అక్కడ అబ్‌స్కాండ్. మన దేశపు ఎపిస్ సెరానా జాతిలో ఇది ఎక్కువ.