ఉత్తరానికి బదులు వెళ్లిన బొమ్మ

అమెరికా వాయవ్య మూలన, మోంటానాలో, 1886-87 చలికాలం. జూడిత్ బేసిన్‌లోని ఓహెచ్ రాంచ్‌కి హెలెనా పట్నం నుంచి ఉత్తరం వచ్చింది. పశువుల యజమాని లూయీ కాఫ్‌మన్ అడిగింది ఒకటే: మంద ఎలా ఉంది? మంద అంటే సుమారు 5,000 తలలు. జవాబు రాద్దామని, అక్కడ మందను చూసుకునే జెస్సీ ఫెల్ప్స్ కూర్చున్నాడు గానీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. పక్కనున్న 22 ఏళ్ల కుర్రాడు పోస్టుకార్డుకి మించని ఒక అట్టముక్క తీసుకుని నీటిరంగులతో ఒక ఎద్దును వేశాడు. చుట్టూ మంచు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. వీపు వంగింది, తల వేలాడుతోంది. ఎలాగూ పడిపోతుందని తెలిసిన తోడేళ్లు తొందరపడకుండా కాచుకున్నాయి. బొమ్మ పేరు 'వెయిటింగ్ ఫర్ ఎ చినూక్'. ఫెల్ప్స్ ఇక ఉత్తరం రాయడం మానేసి దాన్నే పంపించాడంటారు.

చినూక్ అంటే రాకీ పర్వతాలు దిగి వచ్చే పొడి వేడిగాలి. అది వీచిందంటే పూటలో మంచు కరిగి గడ్డి బయటపడుతుంది. ఆ ఏడు వేళకు రాలేదు. మంచు కాస్త కరిగినట్టే కరిగి మళ్లీ గడ్డకట్టి పైన పెంకు కట్టింది. గుర్రమైతే గిట్టతో తవ్వుకుని మేస్తుంది, ఆవుకి ఆ విద్య రాదు. అయితే పాపమంతా చలి మీదకి నెట్టడం న్యాయం కాదు. ముందు వేసవిలోనే వానల్లేక గడ్డి మాడిపోయింది. అయినా తూర్పు నగరాల నుంచి, బ్రిటన్ నుంచి వచ్చిపడిన పెట్టుబడి ఆ బీళ్లు మోయగలిగిన దానికి మించి పశువుల్ని తోలింది. గడ్డివామి వేసుకోవాలన్న ఆలోచనే చాలామందికి లేదు. మన పల్లెల్లో రెండు గేదెలున్న వాళ్లు కూడా చేయని తప్పు ఇది! డకోటాలో, తర్వాత అమెరికా అధ్యక్షుడైన థియోడర్ రూజ్‌వెల్ట్ మందలో సగానికి పైగా పోయింది. మోంటానాలో పేరుమోసిన పశువుల ఆసామి గ్రాన్‌విల్ స్టూవర్ట్, మేత పెట్టలేని పశువును ఇక ఉంచుకోనని ఆ వ్యాపారానికే దణ్ణం పెట్టాడు.

ఎద్దు బొమ్మ వేసిన ఆ కుర్రాడు చార్లెస్ మారియన్ రస్సెల్. 1864 మార్చి 19న సెయింట్ లూయిస్‌లో కలిగినవాళ్లింట్లో పుట్టాడు. చదువు ఒంటబట్టలేదు. 1880లో, ఇంకా 16 నిండకుండానే, మోంటానా చేరాడు. మొదట గొర్రెలు కాయమంటే అవి అతని చేతిలో నిలవలేదు. తర్వాత రెండేళ్లు జేక్ హూవర్ అనే వేటగాడి పంచన ఉన్నాడు. జంతువు ఒడ్డూపొడుగూ, కండ ఎముకను ఎక్కడ పట్టుకుంటుందో అతనికి తెలిసింది తోలు ఒలిచే ఆ చోటే. 1882 నుంచి పదకొండేళ్లు మందల వెంట తిరిగాడు.

కృష్ణ 'మోసగాళ్లకు మోసగాడు' (1971) చూసి పెరిగిన మనకు కౌబాయ్ అనగానే తుపాకీ గుర్తొస్తుంది. అసలు కౌబాయ్ నెల జీతానికి ఎండలో, మంచులో ఒళ్లు హూనం చేసుకునే పశువుల కాపరి. అందులోనూ రస్సెల్ గొప్ప పనివాడేం కాదు. తాడు విసరడంలో గానీ స్వారీలో గానీ తాను అంతంతమాత్రమేనని అతనే ఒప్పుకునేవాడు. అతనికి దక్కింది రాత్రి కాపలా. జనం మొహం చిట్లించే ఆ పనే అతన్ని చిత్రకారుణ్ని చేసింది. మందను కూడదీయడం, ముద్రలు కాల్చడం, పొగరుబోతు గుర్రాలను లొంగదీయడం అన్నీ పగటిపూట జరిగేవి. అప్పుడు అతను ఖాళీ. కూర్చుని చూసేవాడు, వేసేవాడు.

రంగులు, కుంచెలు ఒక మేజోడులో దోపుకుని పక్కచుట్టలో పెట్టుకునేవాడట. అలా తిరిగేవాడికి తైలవర్ణం కుదరదు, ఆరడానికే రోజులు కావాలి. నీటిరంగుకి వాగులో చారెడు నీళ్లు చాలు. తర్వాత స్టూడియో, ఈజిల్, డబ్బు అన్నీ వచ్చినా ఆ చేతి అలవాటు పోలేదు. అతని తైలవర్ణాల్లో కొన్ని బరువుగా, కిక్కిరిసి ఉంటాయనిపిస్తుంది నాకు. నీటిరంగుల్లో గాలి ఆడుతుంది. 1908 నాటి 'బ్రాంక్ టు బ్రేక్‌ఫాస్ట్' చూడండి. పొద్దున్నే జీను వేయించుకున్న గుర్రం ఎగిరెగిరి వంట నిప్పుల మీదకే వచ్చిపడింది. గిన్నెలు చెల్లాచెదురు, మనుషులు తలో దిక్కు. గుర్రం నడుము ఎలా మెలిపడిందో చూస్తే, బొమ్మలు చూసి నేర్చిన పని కాదని తెలిసిపోతుంది.

1896లో నాన్సీ కూపర్‌ని పెళ్లాడాడు. అతనికి 32, ఆమెకు 18. అప్పటిదాకా సెలూన్‌లో ఒక గ్లాసుకి బొమ్మ ఇచ్చేసే మనిషి. బేరాలన్నీ ఆమె చేతికి వచ్చాక ధరలు పెరిగాయి. చచ్చిపోయిన చిత్రకారులకు పలికే ధరలు అడుగుతోందని అతను వేళాకోళం చేసేవాడు. ఆమె లేకపోతే ఈ పేరు మోంటానా దాటేది కాదన్నది నిజం. గ్రేట్ ఫాల్స్‌లో ఇంటి పక్కన 1903లో టెలిఫోన్ స్తంభాల దుంగలతో స్టూడియో కట్టారు. 1911లో న్యూయార్క్‌లో, 1914లో లండన్‌లో ప్రదర్శనలు జరిగాయి. న్యూయార్క్ ప్రదర్శన పేరు 'ద వెస్ట్ దట్ హాజ్ పాస్డ్', గడిచిపోయిన పడమర.

గడిచిపోయింది ఎవరివల్ల? ఈ ప్రశ్నను అతను తప్పించుకోలేదు, అందుకే నాకు ఇష్టం. అతను వచ్చిన మూడేళ్లకే ఉత్తర మైదానాల్లో బైసన్ మందలు వేటగాళ్ల తుపాకులకు తుడిచిపెట్టుకుపోయాయి. వాటి చోట మేసినవి అతను కాసిన పశువులే. సంతకం పక్కన బైసన్ పుర్రె గీసేవాడు. ఒకసారి గ్రేట్ ఫాల్స్ పెద్దలు సభలో అతన్ని తొలితరం మార్గదర్శకుడని పొగిడితే, లేచి ఆ మాటనే దులిపేశాడు. జంతువుల్ని చంపి, చెట్లు నరికి, గడ్డినేల దున్ని, ముళ్లకంచె వేసేవాడే కదా మార్గదర్శకుడంటే అన్నది ఆ ప్రసంగ సారాంశం. నిలువ నీడలేని చిప్పెవా, క్రీ తెగలవారికి భూమి ఇవ్వాలని రచయిత ఫ్రాంక్ లిండర్‌మన్‌తో గొంతు కలిపాడు. 1916లో వారికోసం రాకీ బాయ్స్ రిజర్వేషన్ ఏర్పడింది.

అంతకు నాలుగేళ్ల ముందు, హెలెనాలోని శాసనసభకు అతను ఒక పెద్ద చిత్రం వేశాడు. విషయం, పడమటి దారులు వెతుకుతూ వెళ్లిన లూయిస్, క్లార్క్‌ల 1805 నాటి యాత్ర. 25 అడుగుల వెడల్పూ దానికి తగ్గ ఎత్తూ ఉన్న ఆ కాన్వాస్ పట్టడానికి స్టూడియో కప్పు ఎత్తు పెంచాల్సి వచ్చింది. పూర్తయ్యాక చూస్తే మధ్యలో గుర్రాలు దూకిస్తున్నది సేలిష్ తెగ రౌతులు. లూయిస్, క్లార్క్ కుడివైపు వెనగ్గా చిన్నగా నిలబడి ఉన్నారు. స్పీకర్ కుర్చీ వెనక గోడ మీద ఆ చిత్రం ఇప్పటికీ ఉంది.