భవానీ నదికి ఛాయాచిత్ర సాక్ష్యము

శాసనములు రేవులను, కాలువలను, దానభూములను పేర్కొనునే గాని, ఏ యేట ఇసుకమేట యెంత పెరిగెనో, ఏ గట్టు ఒరిగెనో తెలుపవు. నదీచరిత్రలోని యీ కొఱతను కొంత తీర్పగలది ఛాయాచిత్రము. ఒకే తావున నిలిచి, ఒకే దిక్కునకు, కొన్నేండ్ల యెడముతో చిత్రములు తీసి పోల్చుట దీని పద్ధతి. 1889-90లలో రాబర్ట్ బ్రూస్టర్ స్టాంటన్ రైలుమార్గపు సర్వేకై అమెరికాలోని కొలరాడో నదీలోయను చిత్రించెను. ఆ రైలుమార్గము వెలయలేదు, చిత్రములు నిలిచినవి. నూరేండ్ల పిదప రాబర్ట్ వెబ్ మున్నగువారు ఆ తావులందే నిలిచి మరల చిత్రములు తీసి, నదిలోని మార్పులను నిరూపించిరి.

మేట్టుపాళయమున ఇట్టి పరిశీలనకు తగిన స్థిరచిహ్నము కలదు. 1899లో కూనూరు వరకు తెరువబడిన నీలగిరి కొండరైలు, స్టేషను విడిచిన కొలది దూరములోనే భవానిని దాటును. ఆ వంతెన కనబడు ప్రతి పాత చిత్రమును నాటి నదికి సాక్ష్యమే.

అయినను తొందరపాటు కూడదు. 1960ల దశకమున ఎగువ పిల్లూరు ఆనకట్ట వెలసినది మొదలు, విద్యుదుత్పత్తికై విడుచు నీటినిబట్టి ఇచ్చటి ప్రవాహము ఒక్క దినములోనే హెచ్చి తగ్గుచుండును. కావున ఉదయమున తీసిన చిత్రమును సాయంకాలపు చిత్రముతో పోల్చి "నది ఎండినది" యనుట ప్రమాదము. నీటిమట్టముకంటె గట్టు, చెట్లు, ఇసుకమేటలే నమ్మదగిన ఆనవాళ్లు. దిగువను 1955లో పూర్తియైన భవానీసాగరమున దండనాయకకోట మునిగెను. నీరు మిక్కిలి తగ్గిన యేడులలో అచ్చటి ఆలయము బయలుపడును. ఆ చిత్రమునకు తేదీ లేనిచో అది వింతయే గాని చరిత్ర కాదు. నీటి మాలిన్యమును మాత్రము ఏ చిత్రమును పూర్తిగా చూపజాలదు.

విజయనగర, నాయకరాజుల కాలములందు ఈ సీమకు వచ్చి స్థిరపడిన తెలుగువారి యిండ్లలో పెండ్లికి, ఆడి పదునెనిమిదవనాటి స్నానమునకు, వనభద్రకాళి దర్శనమునకు వెళ్లినప్పుడు ఏటియొడ్డున తీయించుకొన్న పటములు ఉండవచ్చును. వాని వెనుక పెద్దలు తెలుగున వ్రాసిన ఊరు, తేదీ, సందర్భము అమూల్యములు. ఇంట తెలుగు పలికియు చదువనేరని పిల్లలు పెరుగుచున్న యీ కాలమున, ఆ వ్రాత మాసిపోక మునుపే చదివించి, పటమునకు జతపఱచి, అదే రేవున మరల నొక చిత్రము తీసి యుంచుట తగును. అక్షరము పోయిన పటమున మనుష్యులు మిగులుదురు గాని, నది ఏ యేటిదో తెలియదు.