లింబాయత్ గల్లీలో సద్దుల బతుకమ్మ

పొద్దున పదకొండయింది. సూరత్‌ లింబాయత్‌లో ఈ గల్లీ వెడల్పే అంతంతమాత్రం; ఇవాళ ఆటోకి అసలు దారి లేదు. ఇంటింటి ముందూ పరిచిన పట్టాల మీద గునుగు ఆరుతోంది. గులాబీ, చిలకపచ్చ, ఊదా. బకెట్లలో ముంచి తీసిన కట్టల నుంచి రంగు కారి సిమెంటు రోడ్డు మరకలు పడింది. నాలుగిళ్ల అవతల సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆడుతున్నాయి. ఆ చప్పుడు మీద మాట వినపడాలంటే గొంతు పెంచాలి. ఈ గల్లీ ఆడవాళ్ల పాట మైకు లేకుండానే రెండు వీధులు దాటిపోవడంలో సాంచాల పుణ్యం కొంత ఉందని నా అనుమానం.

"తంగేడు ఏదే?" అరుగు మీంచి పెద్దావిడ కేక.

"వస్తున్నది అత్తమ్మా, స్టేషన్‌కు పోయిండ్రు."

తంగేడు రైల్లో రావాలి. అది మెట్టనేలల మొక్క. గుజరాతీలు ఆవళ్ అంటారు, ఈ రాష్ట్రంలో లేకపోలేదు. కానీ చెరకు, వరి, అరటి పండే తాపీ దిగువన ఒక బతుకమ్మకు సరిపడా ఏరాలంటే పూటంతా తిరగాలి. అందుకే వరంగల్‌లో నవజీవన్ ఎక్కే చుట్టాల్లో ఎవరో ఒకరి నెత్తిన ఈ పని పడుతుంది. తడిగోనెలో చుట్టిన మోపును సీటు కింద పెట్టుకుని, దారిపొడవునా నీళ్లు చిలకరిస్తూ మర్నాటికి సూరత్‌లో దించాలి. బంతీ చామంతీ మార్కెట్లో కొనేస్తారు. గునుగు కోసం మాత్రం తెల్లవారకముందే పిల్లల్ని వెంటేసుకుని డిండోలి అవతలి పొలంగట్ల మీదికి పోయారు. కలుపుమొక్కే కదా, రైతు కాదనడు.

మోపు వచ్చింది. విప్పగానే సగం పూలు రాలాయి.

"ఏం గాదు, అడుగు వరసకు పెడదాం."

ఇక ఆ చేతుల్ని చూడండి. ఇత్తడి తాంబాళంలో గుమ్మడాకులు పరిచారు. అంచు వెంబడి తంగేడు గుత్తులు, కాడలు లోపలికి, పూలు బయటికి. దాని మీద గునుగు వరస. వరస తిరగగానే నడిమి గుంటను తరిగిన కాడలతో, ఆకులతో కూరాలి. కిటుకంతా ఈ కూరడంలోనే ఉంది. వదులైతే సాయంత్రానికి బతుకమ్మ ఒరిగిపోతుంది, మరీ అదిమితే పూలు బయటికి తోసుకొస్తాయి. మళ్లీ బంతి, మళ్లీ రంగు గునుగు, పట్టుకుచ్చులు. వరసవరసకూ చుట్టు తగ్గిస్తూ పైకి. అందరికన్నా నిదానంగా పేర్చే ఆవిడ వేళ్ల కొసలు బిరుసెక్కి ఉన్నాయి. మామూలు రోజుల్లో ఆ వేళ్లు చీరల మీద వేలాడే దారాలు కత్తిరిస్తాయి, రాళ్లు అతికిస్తాయి. సూరత్ చీర దుకాణానికి చేరేముందు ఇలాంటి ఇళ్లలో ఆగి పోతుంటుంది. చీరకింత అని కూలి. ఇవాళ ఆ మూటల్ని మంచం కిందికి తోసేశారు.

బతుకమ్మ ఇక్కడికి మగ్గం వెంట వచ్చింది. చేతిమగ్గం కూడు పెట్టని ఊళ్ల నుంచి, సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపుల నుంచి పద్మశాలీలు షోలాపూర్ పోయారు, భీవండి పోయారు, సూరత్ వచ్చారు. ముందు మగవాళ్లు. పన్నెండేసి గంటల షిఫ్టు. పగటివాళ్లు లేచిన చాపల మీద రాత్రివాళ్లు ఒరగడం. పండగ వాళ్లతో రాలేదు. భార్యలొచ్చి, గదులు ఇళ్లయ్యాక వచ్చింది. ఎవరూ ముహూర్తం పెట్టి స్థాపించలేదు. ఒక గల్లీలో ఇద్దరు ముగ్గురు పేర్చుకుని ఉంటారు, పక్క గల్లీవాళ్లు చప్పట్లు విని వచ్చి ఉంటారు.

1994 మాటెత్తితే మాత్రం పెద్దవాళ్ల చేతుల్లో పని ఆగుతుంది. ఆ సెప్టెంబర్ ఆఖరులో ఊళ్లో ప్లేగన్నారు. రోజుల వ్యవధిలో లక్షల మంది దొరికిన రైలెక్కి వెళ్లిపోయారు. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస అమావాస్య అక్టోబర్ మొదటి వారంలో పడింది; ఆ తొలిరోజు ఎంగిలిపూలు ఎవరికి వీలైన చోట వాళ్లు పేర్చుకున్నారు. 2006 ఆగస్టులో ఉకాయి డ్యామ్ వదిలిన నీళ్లకు ఊరు చాలా మటుకు మునిగింది. నెలన్నర తిరిగేసరికి మళ్లీ బతుకమ్మ. 2020లో కరోనా వల్ల గుజరాత్‌లో గర్బా మైదానాలకే అనుమతి లేకపోయింది, ఇక గల్లీల సంగతి చెప్పేదేముంది.

మెట్ల మీద ఒక కాలేజీ పిల్ల చందా పుస్తకం తిరగేస్తోంది. పాత పేజీల్లో పేర్లు తెలుగులో ఉన్నాయి. పోనుపోను గుజరాతీ లిపిలోకి మారాయి. సూరత్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతుంది, గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిష్ బడులతో పాటు. ఈ పిల్ల చదువు మాత్రం గుజరాతీలోనే సాగింది. ముత్తైదువలు పాడే పాటలన్నీ నోటికి వచ్చు, వాటిని రాసుకున్నది గుజరాతీ అక్షరాల్లో. లైట్లు ఎవరు తేవాలి, నీళ్ల డ్రమ్ము ఎవరింటిది, మలీదకు రొట్టెలు ఎవరు చేయాలి అన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి. అధ్యక్షుడు, కార్యదర్శి లాంటి పదవులు లేవు. ఉంటే ఈపాటికి రెండు సంఘాలయ్యేవి.

నలుపూ ఎరుపూ అంచు పట్టుచీరల మధ్య ఒకావిడ పాత పాలిస్టర్ చీర కట్టింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఊరూరా పంచిన బతుకమ్మ చీరల్లో ఒకటి, వాళ్లమ్మ దాచి ఇచ్చిందట. ఆ మొదటి ఏడాది అన్ని చీరలూ సిరిసిల్ల సాంచాలు సకాలంలో నేయలేకపోయాయి, కొన్నిటిని సూరత్ నుంచి తెప్పించారు. నాణ్యత మీద ఊళ్లల్లో పెద్ద రభసే అయింది. అంచు పట్టుకుని చూస్తే ఆ గుడ్డ ఎక్కడిదో ఇక్కడివాళ్లు చెప్పగలరు. ఆవిడ నవ్వి, "ఈడ పుట్టి ఆడికి పోయి మల్ల ఈడికే వచ్చింది" అంది.

చీకటి పడింది. పెద్ద వీధిలో గర్బా డీజే మొదలైంది. అమావాస్య నాడు మన ఎంగిలిపూలు, మర్నాడు గుజరాతీల నవరాత్రి. ఒక్క రోజు తేడాతో రెండు పండగలూ పక్కపక్కనే నడుస్తాయి. వాళ్లూ గుండ్రంగానే తిరుగుతారు, నడుమ చిల్లుల కుండలో దీపం పెట్టి. ఆ గర్బాకు 2023లో యునెస్కో గుర్తింపు వచ్చింది, మన బతుకమ్మను 2014లో తెలంగాణ రాష్ట్ర పండుగ చేసింది. ఇక్కడ ఈ గల్లీలో మాత్రం గొడవ వేరు: డీజే హోరులో ఉయ్యాల పాట లయ తప్పుతోంది. ఇద్దరు కుర్రాళ్లు పరుగున పోయి బతిమాలారు. అరగంట ఆపుతామని డీజేవాళ్లు మాట ఇచ్చారు. ఇచ్చిన మాట నిలుపుకున్నారు కూడా. పైగా పక్క సొసైటీ గుజరాతీ కోడళ్లు నలుగురు చనియా చోళీల్లోనే వచ్చి వలయంలో కలిశారు. మొదట్లో వాళ్ల అడుగు తొందరపడింది. ఇక్కడ వంగి చప్పట్లు కొట్టి, నిలబడి ఒక అడుగు జరగడం, అంతే. రెండు చుట్లకే పట్టేశారు.

నీళ్ల దగ్గరికి వచ్చేసరికి చిక్కు. తాపీలో విగ్రహాలు వేయనివ్వరు, కార్పొరేషన్ వినాయకుల కోసం కృత్రిమ కొలనులు తవ్విస్తుంది. ఇవి పూలే కదా అని వాదించే ఓపిక ఎవరికీ లేదు. గల్లీ చివర పెద్ద ప్లాస్టిక్ తొట్టి నింపి ఉంచారు. పసుపు గౌరమ్మను ముందుగా తీసి, ఆ పసుపు పంచుకుని, ఒక్కొక్క బతుకమ్మనూ దించారు. మూడోదానికే తొట్టి నిండింది. మిగతావి వరసగా నిలబడ్డాయి, పిల్లలు తడిసిన పూలను గంపలకెత్తి జాగా చేస్తూ పోయారు.

సత్తు ముద్దలు, పులిహోర, పెరుగన్నం సర్దుకునేటప్పుడు లెక్కలు మొదలయ్యాయి.

"కొసాకరి ఇల్లు ఇయ్యలే," అంది పుస్తకం పిల్ల.

"వాళ్ల సాంచాలు బందైనయి, రెండు నెలలాయె. ఇచ్చిండ్రని రాయి."

"ఎంతని?"

"అందరెంతిచ్చిండ్రో అంత."

"మరి కిరాణం బెల్లం బాకీ?"

"రేపు పోయి అడుగుదాం, దసరా దాంక ఆగుతడా అని."