కొలిమి కింది నేల ఎవరిది?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

అమెరికాలో స్టూడ్‌బేకర్ అని ఒక కుటుంబం. 1736లో జర్మనీ నుంచి వచ్చి ఫిలడెల్ఫియాలో ఓడ దిగారు. వాళ్ళ సొంతూరు సోలింగెన్, కత్తుల తయారీకి పేరున్న ఊరు. ఇనుము పని, బండ్ల పని తరతరాలుగా చేశారు. ఆ వంశంలో జాన్ అనే కమ్మరి 1830లలో తను చేసిన బండిలోనే పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకుని పెన్సిల్వేనియా నుంచి ఒహాయో పల్లెకి పోయాడు. అక్కడ అప్పుల పాలయ్యాడు గానీ పని మాత్రం కొడుకులకి నేర్పాడు.

ఆ కొడుకుల్లో ఇద్దరు, హెన్రీ, క్లెమెంట్, 1852లో ఇండియానాలోని సౌత్ బెండ్‌లో కొలిమి పెట్టారు. చేతిలో ఉన్నది 68 డాలర్లు. ఇంకో తమ్ముడు కాలిఫోర్నియా బంగారు గనులకి పోయాడు. బంగారం తవ్వేవాళ్ళకి ఒంటి చక్రం తోపుడు బండ్లు చేసి అమ్మి, 1858లో 8,000 డాలర్లతో తిరిగొచ్చి అన్నల పనిలో పెట్టాడు. తర్వాత సైన్యానికి బండ్లు, 1902 నుంచి కార్లు. సౌత్ బెండ్ ఫ్యాక్టరీ 1963 చివర్లో మూతపడింది.

ఇక్కడితో ఆపితే కష్టపడి పైకొచ్చిన కథ. అది నిజమే. కానీ ఆ కొలిమి పెట్టిన నేల ఎవరిది?

పొటవాటమి ఆదివాసులది. 1821 షికాగో ఒప్పందంలో మిషిగన్ వైపు వాళ్ళ భూములు తీసుకుని, బదులుగా ఇస్తామన్న వాటిలో ఒకటి చూడండి: ఒక కమ్మరికి, ఒక టీచరుకి 15 ఏళ్ళపాటు ఏడాదికి 1,000 డాలర్లు. అంటే కమ్మరి కూడా భూమి ధరలో భాగమే.

మెనామినీ అనే నాయకుడు 1836లో భూమి వదిలే ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. వేరే నాయకులతో పెట్టించుకున్నారు. 1838 సెప్టెంబరులో తుపాకులతో వచ్చి, సౌత్ బెండ్‌కి దక్షిణాన ఉన్న అతని ఊరి నుంచి 859 మందిని కాన్సాస్‌కి నడిపించారు. వెయ్యి కిలోమీటర్లకు పైగా, రెండు నెలలు. దారిలో 40 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే.

14 ఏళ్ళకి అన్నదమ్ముల కొలిమి వెలిగింది. వాళ్ళు ఎవర్నీ తరమలేదు. కానీ ఖాళీ చేయించిన నేల మీదికి వచ్చిన రైతులే వాళ్ళ గిరాకీ. వాళ్ళ బండ్లెక్కి ఇంకా పడమటికి పోయినవాళ్ళు చేరింది వేరే ఆదివాసుల నేలకి.

పొటవాటమి వాళ్ళు అంతరించలేదు. పొకాగన్ అనే నాయకుడి వర్గం అక్కడే నిలబడింది. 1994లో అమెరికా ప్రభుత్వం వాళ్ళని మళ్ళీ తెగగా గుర్తించింది.

ఆ కమ్మరి కుటుంబం వచ్చిన ఏడు, ఊరు, చేతిలోని డబ్బు కూడా కాగితం మీద ఉన్నాయి. మన ఇళ్ళలో అలాంటి కాగితం దొరకడం కష్టం. సెలవులకి పోయినప్పుడు తాతని, అవ్వని అడగండి: ముందు ఏ ఊళ్ళో ఉండేవాళ్ళం, ఎందుకు వదిలాం, ఆ నేల ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? విన్నది విన్నట్టు రాసి ఇక్కడ పెట్టండి.