బొబ్బిలి సైనికుడి ఎత్తెంత?

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయమని మన కార్యదర్శి గారు కోరారు. పెన్షను లెక్కలు, డీఏ బకాయిల గురించి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. కనుక నేను అరచేతిలో ఇమిడే సైనికుల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

యుద్ధాన్ని బల్లమీద ఆడటం మనకు కొత్త కాదు. చతురంగం పుట్టింది ఈ గడ్డమీదే. ఐరోపాలో 1824లో రైస్విట్జ్ అనే ప్రష్యా సైనికాధికారి పటం మీద దిమ్మలు జరుపుతూ అధికారులకు యుద్ధం నేర్పే ఆటను ప్రవేశపెట్టాడు. 1893లో ఇంగ్లండులోని బ్రిటన్ కంపెనీ లోపల బోలుగా ఉండే సీసపు సైనికులను పోతపోయసాగింది. ఆ బొమ్మలతోనే హెచ్.జి.వెల్స్ ఆటకు నియమాలు కట్టి 1913లో ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకం వేశాడు. మరుసటి ఏడే అసలు ప్రపంచయుద్ధం వచ్చింది. 1959 నుంచి ఎయిర్‌ఫిక్స్ కంపెనీ ప్లాస్టిక్ సైనికులు చవకగా దొరకడంతో ఈ ఆట సామాన్యుల ఇళ్లలోకి చేరింది.

ఈనాడు ఎక్కువగా అమ్ముడయ్యే బొమ్మల ఎత్తు 28 మిల్లీమీటర్లు. వాటిని పరిశీలిస్తే తల పెద్దది, చేతులు లావు, కాళ్లు పొట్టి, తుపాకీ రోకలిబండలా ఉంటుంది. దీనికి కారణాలు లేకపోలేదు. అచ్చులో సన్నని భాగాలు సరిగా నిండవు, నిండినా తొందరగా విరుగుతాయి. పైగా బల్లకు అవతల కూర్చున్నవాడికి ముఖం కనబడాలి, రంగులు వేసేవాడికి పని సులువు కావాలి.

కొలతల విషయం మన పెద్దలు ఏనాడో ఆలోచించారు. శిల్పశాస్త్రంలో తాళమానం ఉంది. ముఖం పొడవు ఒక తాళం, అంటే 12 అంగుళాలు. నవతాళ విగ్రహానికి మొత్తం 108 అంగుళాలు. కొండపల్లి కళాకారులు తెల్లపొణికి కర్రతో అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ముక్కలు అతికి మనిషిని చేయడం వారికి వెన్నతో పెట్టిన విద్య.

ఇక బొబ్బిలి సంగతి. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు కలిసి రంగారావు గారి బొబ్బిలి కోటను ముట్టడించారు. కోట నిలవదని తేలాక లోపలి స్త్రీలు, పిల్లలు శత్రువుకు చిక్కకుండా తమవారి చేతుల్లోనే ప్రాణాలు విడిచారు. తరువాత కొద్దిరోజులకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును గుడారంలోనే చంపి తానూ మరణించాడు. ఈ వృత్తాంతాన్ని రాబర్ట్ ఓర్మ్ గ్రంథస్థం చేశాడు. 1964లో ‘బొబ్బిలి యుద్ధం’, 1986లో ‘తాండ్ర పాపారాయుడు’ సినిమాలు దీనిని ఇంటింటికీ చేర్చాయి.

అరసవల్లిలో మా ఇంట్లో దసరా కొలువుకు ఈ యుద్ధాన్ని నలభై బొమ్మలతో పెట్టాలని సంకల్పించాను. మా అబ్బాయి గట్టి ప్లాస్టిక్ సైనికులను తెప్పించి ఇచ్చాడు. వాటిని చూసి మనుమరాలు పకపకా నవ్వింది. అంతమంది ప్రాణాలు పోయిన ఘట్టం చూసి పిల్లలు నవ్వితే ఇక దానిని కొలువులో పెట్టడమెందుకు? అందుకే కొలతలు సరిచేయడానికి పూనుకున్నాను.

లెక్క సులువు. మామూలు మనిషి ఎత్తు తన తలకు ఏడున్నర రెట్లు. నా బొమ్మ తల 5 మి.మీ., ఎత్తు 28. అంటే అయిదున్నర రెట్లు దాటి కొంచెమే. తల తీసి 4 మి.మీ. తల పెడితే ఎత్తు 27 అవుతుంది. దానికి 3 మి.మీ. కలిపితే 30. ఇప్పుడు సరిగ్గా ఏడున్నర రెట్లు.

ఆ మూడు మిల్లీమీటర్లు ప్లాస్టిక్ షీటు నుంచి వచ్చాయి. తొడ దగ్గర, పిక్క దగ్గర, నడుము దగ్గర సన్నని రంపంతో కోసి, ఒక్కొక్క చోట ఒక మి.మీ. షీటు ముక్క పెట్టాలి. పాలిస్టైరీన్ ద్రావకం రెండు ముఖాలనూ కరిగించి ఏకం చేస్తుంది. ఇది జిగురు కాదు, వెల్డింగు వంటిది. కిటికీలు తెరచి ఉంచాలి, ఆ ఆవిరి పీల్చరాదు. ఒక రోజు ఆరాక ఆకురాయితో అంచులు గుండ్రంగా అరగదీయాలి. సందులకు, తలపాగాలకు ఎమ్‌సీల్ మన మక్కు. ఒక మి.మీ. లావున్న తుపాకీ గొట్టం అసలు కొలతలో అయిదున్నర సెంటీమీటర్లు అవుతుంది! అది కోసేసి సన్నని గుండుసూది అమర్చాను. రోజుకు ఒక బొమ్మకు మించి సాగలేదు. అరవై దాటిన చేతులకు అదే మంచి వ్యాయామం.

ఒక మిత్రుడు పాపారాయుడిని అందరికన్నా అంగుళం పెద్దగా చేయమన్నారు. దేవతలకు తాళాలు ఎక్కువ, వీరుడికెందుకు తక్కువని ఆయన వాదం. నేను ఒప్పుకోలేదు. కోట మీద ఉన్నవాడూ, కోట కింద ఉన్న విజయనగరం బంటూ ఇంచుమించు యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ పుట్టి ఒకే తెలుగు మాట్లాడినవారు. 1758లో చందుర్తి వద్ద ఫ్రెంచివారు ఓడి, తరువాత ఉత్తర సర్కారులు ఇంగ్లీషువారి పాలయ్యాక ఆ ఇద్దరి వారసులూ ఒకే దొరకు పేష్కషు కట్టారు. అందుకే నలభై మందికీ ఒకే కొలత పెట్టాను.

మన సంఘంలో బొబ్బిలి వారూ ఉన్నారు, విజయనగరం వారూ ఉన్నారు. పెన్షను రోజున ఒకే బల్లమీద కూర్చుంటాం. ఈసారి దసరాకు ఇరువురూ కలిసి వచ్చి కొలువు చూడవలసిందిగా ప్రార్థన. ఈ పని నేర్చుకోవాలనుకునే సభ్యులు కళ్లద్దాలు వెంట తెచ్చుకోగలరు. రంపం, షీటు నావద్ద ఉన్నాయి.