తీగకు ఒళ్లెందుకు?

తంత్రీవాద్యాల చరిత్ర రాసేవారు తీగల గురించి, మెట్ల గురించి, వాయించిన విద్వాంసుల గురించి విస్తారంగా రాస్తారు. వాద్యపు ఒంటి గురించి రాసేది తక్కువ. మోగేది తీగ, మోసేది చెక్క, అంతే కదా అనుకుంటాం. కాని నాదం ఎలా ఉండాలి, చేతికి ఎంత అనువుగా ఉండాలి, వెల ఎంత కావాలి అన్న మూడు ప్రశ్నలకూ సగం జవాబు ఆ ఒంటిలోనే ఉంది. ఎలక్ట్రిక్ గిటారు కొనబోయే కుర్రవాడు దుకాణంలో అడిగే ప్రశ్నలు ఇవే. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగ ముందు కూర్చున్న పనివాడు వేసుకునే ప్రశ్నలూ ఇవే.

తీగ సన్ననిది. ఎంత బిగించి మీటినా అది గాలిని చీల్చుకొని పోతుందే గాని నెట్టలేదు. తన కంపనాన్ని గుర్రం మీదుగా ఒక వెడల్పాటి పలకకు అందిస్తే, ఆ పలక గాలిని నెడుతుంది, మనకు వినబడుతుంది. అయితే మీటుతో మనం ఇచ్చే శక్తి కొద్దిపాటిది. పలుచని బోలు ఒళ్లు దాన్ని ఒక్కసారిగా ఖర్చు పెట్టి బిగ్గరగా మోగి, త్వరగా ఆగిపోతుంది. మందపాటి ఒళ్లు పొదుపరి. మెల్లగా మోగినా చాలాసేపు నిలుస్తుంది. వాద్యాల ఒంటి చరిత్ర అంతా ఈ జమాఖర్చుల చరిత్రే.

మా బచ్చన్నపేట, జనగామ ప్రాంతంలో పెరిగినవారికి ఈ లెక్క చెవులతోనే తెలుసు. ఇక్కడ ఊరి నడుమ జనాన్ని కూర్చోబెట్టింది ఒగ్గుకథ. దానికి తోడు డోలు, తాళాలు. మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య (2017లో గతించారు) ఆ కళకు దేశమంతటా పేరు తెచ్చారు. మైకు లేని రోజుల్లో బయలులో నిలిచి వినిపించగలిగినది తోలే, తీగ కాదు. తీగను నమ్ముకున్న తెలంగాణ కళాకారులు చిన్న గుంపును ఎదుట కూర్చోబెట్టుకొని పాడారు. కిన్నెరకు వెదురు దండం, సొరబుర్రలు, మైనంతో నిలిపిన మెట్లు. దొరికే సరుకుతో తయారవుతుంది, భుజాన వేసుకొని ఊరూరూ తిరగవచ్చు. ఆ పన్నెండు మెట్ల కిన్నెరకు దర్శనం మొగిలయ్య ద్వారా 2022లోనూ, బుర్రవీణకు నారాయణపేట జిల్లా దాసరి కొండప్ప ద్వారా 2024లోనూ పద్మశ్రీ గౌరవం దక్కింది.

వీణది మరో దారి. దానికి కావలసింది బిగ్గరతనం కాదు, నిలకడ. ఒకే మెట్టు మీద తీగను పక్కకు లాగి రెండు మూడు స్వరాలు పలికించాలంటే, అంతసేపూ నాదం బతికి ఉండాలి. ఇరవై నాలుగు మెట్లను స్థిరపరచిన ఘనతను 17వ శతాబ్దపు తంజావూరు ప్రభువు రఘునాథ నాయకునికి ఆపాదిస్తారు. కుండ, దండి, తల అన్నీ ఒకే పనస దుంగలో తొలిస్తే అది ఏకాండ వీణ. బొబ్బిలి వీణకు పేరు తెచ్చినది అదే. మూడింటినీ వేరుగా చేసి అతికిస్తే ఒట్టు వీణ. ఏకాండంలో నాదానికి అడ్డు లేదని అభిమానులు చెబుతారు. కాని అంతటి దుంగ దొరకాలి, ఆరాలి, తొలిచేటప్పుడు ఎక్కడా పగలకూడదు. అతుకు వీణకు చిన్న చెక్కలు చాలు, మరమ్మతు తేలిక, వెల తక్కువ.

ఇదే వివాదం అమెరికాలో గిటారు విషయంలో మరో రూపంలో వచ్చింది. గిబ్సన్ సంస్థ 1936లో తెచ్చిన ఇఎస్-150 బోలు గిటారుకు పికప్ తగిలించినదే. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ రాగితీగ చుట్ట. ఉక్కు తీగ కంపనాన్ని అది విద్యుత్తుగా మారుస్తుంది. చిక్కేమిటంటే, స్పీకరు శబ్దాన్ని పెంచితే ఆ శబ్దానికి బోలు ఒళ్లే కంపించి కూత పెట్టేది. బిగ్గరతనం స్పీకరు చూసుకుంటున్నప్పుడు ఇక బోలు ఎందుకు? 1940 ప్రాంతంలో లెస్ పాల్ అనే వాద్యకారుడు నాలుగంగుళాల మందపు దూలానికి తీగలు బిగించాడు. దూలాన్ని చూసి జనం మెచ్చకపోతే, మామూలు గిటారును నిలువునా కోసి రెండు సగాలనూ ఇరుపక్కలా తగిలించాడు. ఆ రెక్కలు చెవి కోసం కాదు, కంటి కోసం.

రేడియోలు బాగుచేసే లియో ఫెండర్ 1950లో గట్టి పలక గిటారును అమ్మకానికి పెట్టాడు. మరుసటి ఏడు దాని పేరు టెలీకాస్టర్ అయింది. మెడను నాలుగు మరలతో బిగించాడు, అంటే అది ఒట్టు వీణ బంధువే. చేయడం చవక, చెడితే విప్పి మార్చవచ్చు. గిబ్సన్ 1952లో తెచ్చిన లెస్ పాల్ నమూనాకు మహాగని ఒళ్లు, పైన మేపుల్ పలక, జిగురుతో అతికిన మెడ. బరువూ ఎక్కువే, పనితనం వెలా ఎక్కువే. పలక అంచులు పక్కటెముకలకు గుచ్చుకుంటున్నాయని వాద్యకారులు అంటే, ఫెండర్ 1954 నాటి స్ట్రాటోకాస్టర్‌కు అంచులు గుండ్రంగా చెక్కి, పై మెట్లకు చెయ్యి అందేలా రెండు పక్కలా గండి కొట్టాడు. 1958లో గిబ్సన్ ఇఎస్-335 మధ్యేమార్గం పట్టింది: నడుమ గట్టి దిమ్మె, ఇరుపక్కలా బోలు. బోలు గిటారు మెత్తదనం కొంత ఉంది, కూత తగ్గింది.

గట్టి ఒళ్లు మన సంగీతానికి ఏం చేసింది? దీనికి జవాబు పాలకొల్లులో దొరుకుతుంది. మాండొలిన్ ఇటలీ నుంచి వచ్చిన బోలు వాద్యం. నాలుగు జంటలుగా ఎనిమిది తీగలు. స్వరం పుట్టగానే ఆరిపోతుంది, జంట తీగలను కలిపి లాగి గమకం పలికించడం కష్టం. 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గట్టి ఒంటి ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను తీసుకొని, జంటలను వదిలి ఒంటి తీగలు బిగించారు. తరువాత మంద్రస్థాయి కోసం ఐదవ తీగ చేర్చారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు పాడి వినిపిస్తే, శిష్యుడు దాన్ని తీగ మీద వెతుక్కున్నారు. 1978లో, తొమ్మిదేళ్ల ప్రాయంలో, గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ. 1998లో పద్మశ్రీ. 2014లో, నలభై అయిదేళ్లకే కన్నుమూశారు. పరదేశపు పలక గమకాన్ని మోయలేదన్న శంకకు ఆయన వాద్యం చాలినంత సమాధానం.

వీణా ఈ దారి తొక్కింది. బెంగుళూరులో రాడెల్ సంస్థను నెలకొల్పిన రాజ్ నారాయణ్ పెద్ద కుండ అక్కరలేని ఎలక్ట్రానిక్ వీణను రూపొందించారు. ప్రయాణంలో పగులుతుందన్న భయం తగ్గింది. కాని ప్రతి లాభానికీ ఎక్కడో ఖర్చు రాయవలసిందే. గొల్లపల్లిలో ఈనాడు మోగే వీణలతో పాటు, సభల్లో బహూకరించే చిన్న బొమ్మ వీణలూ పనివారికి జీవనాధారం. ఒంటితో పనిలేని నాదం ఒకవైపు, నాదంతో పనిలేని ఒళ్లు మరొకవైపు. ఈ రెండింటి నడుమ, దుంగను తట్టి లోపలి నాదాన్ని చెప్పగల చెవి మిగులుతుందా అన్నదే నా దిగులు.

అందుకని గట్టి పలకను నిందించను. కొత్తగా నేర్చుకునే పిల్లవాడికి మరలతో బిగించిన చవక గిటారే మేలు. ఆ వెల అందుబాటులో లేకపోతే అసలు సంగీతమే అతని ఇంటికి రాదు. ఏ చెక్క గొప్పదని కాక, నా సంగీతానికి నాదం ఎంతసేపు నిలవాలి, ఎంత దూరం పోవాలి అని ముందు అడగాలి. ఊరూరూ నడిచేవాడు సొరబుర్రను ఎంచుకున్నాడు, గమకం కోరినవాడు పనసను, కూత వద్దన్నవాడు దూలాన్ని. ముగ్గురూ తమ తమ లెక్కలో తప్పలేదు.